సమస్య: «నీరు లేకుండ నూడులు నీట మునిగె»

నిర్వహణ: ఇదే నాలుగో పాదంగా, అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ పూరించాలి. కింద పూరించేవారివీ విమర్శించేవారివీ కలంపేర్లు. ఛందస్సు తేటగీతి. విషయం చైనాలోని వుహాన్ వీథుల్లో పొద్దుటిపూట అమ్మే రగాన్‌మియన్, అంటే వేడిగా, పులుసు లేకుండా నువ్వుముద్దతో కలిపే నూడుల్స్. అక్కడ ఉదయపు ఫలహారాన్ని గ్వోజావ్ అంటారు. కాగితపు గిన్నె చేత పట్టుకుని నడుస్తూనే తినేస్తారు. కొత్త ఊళ్లో మంచి అంగడిని బోర్డు చూసి పోల్చకండి. బల్ల మీద నూనె మెరుపుతో విడివిడిగా ఆరిన నూడుల్స్, పక్కనే కళపెళ మరిగే కాగు ఉన్నాయా చూడండి. సమస్యకు కీలకమూ అక్కడే ఉంది.

గానుగ:

రాత్రి వండిరి పలుకుగా రాశి పోసి
నూనె పట్టించి విసరిరి నూలు విడఁగ
ప్రొద్దు పొడువఁగ సలసల పొంగునపుడు
నీరు లేకుండ నూడులు నీట మునిగె

చిల్లులగరిటె: గణాలూ యతులూ సరిపోయాయి, వంటే చెడింది. రాశి పోస్తే లోపలి ఆవిరికి ఉడుకు ఆగదు, తెల్లారేసరికి ముద్ద. పదహారణాల్లో పదమూడణాలు ఉడకగానే తీసి, పలచగా పరిచి, నూనె పట్టించి, విసనకర్రతోనో ఫ్యానుతోనో వెంటనే చల్లార్చాలి. మొదటి పాదం ఇలా మార్చండి: «పలుకు విడువక వండిరి, బల్లఁ బఱచి». ప-బ యతి చెల్లుతుంది. 'నూలు విడఁగ' మాత్రం ముచ్చటగా ఉంది, దాన్ని కదపకండి.

ఇక అన్వయం. సలసల పొంగేది నీరే కదా, మళ్లీ 'నీరు లేకుండ' ఏమిటి? సమస్య విడిపోలేదు, అతికించినట్టుంది.

గానుగ: ఒప్పుకుంటున్నాను. మరి రెండోసారి ముంచితే మెత్తబడదా?

చిల్లులగరిటె: పిండిలో క్షారం ఉంటే తట్టుకుంటుంది. 100 గ్రాముల మైదాకు సుమారు 1 గ్రాము సోడియం కార్బొనేట్, 40 గ్రాముల నీరు. ఆ పసుపు రంగూ సాగుడూ దానివే. ఇంట్లో అది లేకపోతే తినే సోడాను ఓవెన్‌లో 120 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి వాడండి. క్షారం లేని నూడుల్స్ రెండో ముంపులో చిట్లిపోతాయి.

పలుకు:

మరుగు కాగులోఁ బదిదాఁక మాత్ర మెంచి
తీసి కాగంచుపై రెండు దెబ్బ లిచ్చి
జాలి యూపిరి గిన్నెలో జాఱు చుక్క
నీరు లేకుండ, నూడులు నీట మునిగె

నిర్వహణ: ఇదీ పూరణ! మునిగింది కాగులో, నీరు లేనిది గిన్నెలో. 'చుక్క / నీరు' అని పాదం దాటించడంతో చిక్కు తనంతట తానే విడిపోయింది. 'జాలి యూపిరి' అన్నచోట మొదట కరుణరసం కాబోలనుకుంటాం, తర్వాత జాలిగంటె కనిపిస్తుంది. చిన్న చమత్కారమే, ఉండనివ్వండి.

చిల్లులగరిటె: వంటకూడా కచ్చితం. ఆ రెండు దెబ్బలూ మానేస్తే అడుగున నీళ్లు చేరి నువ్వుముద్ద విరిగినట్టవుతుంది, నూడుల్స్‌కు అంటదు. పది లెక్కపెట్టేది ఉడికించడానికి కాదు, రాత్రి ఆరినవాటిని వేడెక్కించడానికి.

గానుగ: 'నూడులు' అనొచ్చా? అందరూ నూడుల్స్ అంటున్నారు.

నిర్వహణ: మన 'లు' ఉండగా పద్యంలో 'స్' ఎందుకండీ?

అలసంద:

నువ్వుముద్దను నూనెతో నునుపుఁ జేసి
ఊరు ముల్లంగి యలసంద లుల్లికాడ
నోరు, గిన్నెలోఁ గనుగొన నొక్కసారి
నీరు లేకుండ నూడులు, నీట మునిగె

పలుకు: నోరూరడాన్ని నీట మునగడం చేశారు, బాగుంది. రెండో పాదం సరుకుల చీటీలా ఉన్నా వుహాన్ గిన్నెలో పడేవి అవే. మొదటి పాదంలో 'నూనెతో' అన్నది ముఖ్యం. రెండు చెంచాల ముద్దకు చెంచా, చెంచాన్నర నూనె, కొద్దికొద్దిగా. నీళ్లు ఒక చుక్క పడితే ముద్ద పలచబడకపోగా గట్టిపడి బిగుసుకుంటుంది. వాడే నూనె వేయించిన నువ్వులది కావాలి. మన పప్పునూనె పచ్చి నువ్వులది, దాంతో ఆ వాసన రాదు. గిన్నె చేతికి అందగానే అడుగు నుంచి పైకి అర నిమిషం కలపాలి. ఫోటో తీస్తూ నిలబడితే చల్లారి గడ్డకడుతుంది, అప్పుడు కారం ఒక పక్క, ఉప్పు ఒక పక్క.

చిల్లులగరిటె: అన్నీ సరేగాని, నోరు కనుగొనడమేమిటండీ? నోటికి కళ్లెక్కడివి?

అలసంద: దొరికిపోయాను. «నోరు, గిన్నెలోఁ గనఁబడ నొక్కసారి» అంటే?

నిర్వహణ: గణం చెడలేదు, కళ్లు చూసేవాడికి తిరిగొచ్చాయి. స్వీకరించాం.