నాన్నగారి కణితిలో కనిపించిన జన్యుమార్పులు హెపటైటిస్-బి ఉన్న మాకూ వచ్చి ఉంటాయా?

ప్రశ్న

నమస్కారం. నా వయసు 36. చదువుకునే రోజుల్లో రక్తదానానికి వెళ్ళినప్పుడు హెపటైటిస్-బి ఉన్నట్టు బయటపడింది. తర్వాత ఇంట్లో పరీక్షలు చేయిస్తే నాన్నగారికీ అన్నయ్యకీ ఉన్నట్టు తేలింది, చెల్లెలికి లేదు. అమ్మకు మాత్రం ఇంతవరకు పరీక్ష చేయించలేదు. నాన్నగారు కిందటి ఏడాది కాలేయ క్యాన్సర్‌తో కాలం చేశారు. ఆయన కాగితాలు సర్దుతుంటే, శస్త్రచికిత్సలో తీసిన కణితి ముక్కపై చేసిన జన్యుపరీక్ష నివేదిక కనిపించింది. అందులో టెర్ట్ జన్యువు ప్రమోటర్ భాగంలోనూ, టీపీ53 జన్యువులోనూ మార్పులు ఉన్నాయని రాసి ఉంది.

ఆ మార్పులు అన్నయ్యకూ నాకూ వచ్చి, చెల్లెలికి రాకపోవడం వల్లే ఆమెకు ఈ జబ్బు రాలేదా? మేము కూడా జన్యుపరీక్ష చేయించుకోవాలా? ప్రస్తుతం నాకు సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం) లేదు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) తక్కువగా ఉంది, మందులు వాడటం లేదు.

సమాధానం 1

మీ నాన్నగారి విషయం విని బాధ కలిగింది. నేను కణితుల జన్యుపరీక్షలు చేసే ప్రయోగశాలలో పనిచేస్తాను కనుక నివేదిక వరకు చెబుతాను.

ఆ రెండు మార్పులూ మీ నాన్నగారు పుట్టుకతో తెచ్చుకున్నవి కావని దాదాపు నిస్సందేహంగా చెప్పవచ్చు. కాలేయ కణాలు ఏళ్ళ తరబడి వాపుకు గురవుతూ, చనిపోతూ, మళ్ళీ విభజన చెందుతూ ఉన్న క్రమంలో ఏదో ఒక కణంలో పుట్టి, ఆ కణం సంతతిలో మాత్రమే మిగిలిపోయే మార్పులివి. వీర్యకణాల్లో ఉండవు కనుక పిల్లలకు చేరవు. ప్రమోటర్ అంటే జన్యువును నడిపే స్విచ్ లాంటి భాగం; టెర్ట్ ప్రమోటర్ మార్పు కాలేయ క్యాన్సర్‌లో అన్నిటికంటే తరచుగా కనిపించేది. సాధారణంగా కాలేయ కణంలో నిద్రాణంగా ఉండే టెలోమరేజ్ అనే, క్రోమోజోముల చివరలు అరిగిపోకుండా కాపాడే ఎంజైమ్‌ను అది మేల్కొలపడంతో, కణానికి విభజన చెందగలిగే హద్దు చెరిగిపోతుంది. హెపటైటిస్-బి వైరస్ తన డీఎన్ఏ ముక్కను నేరుగా ఆ జన్యువు పక్కనే చొప్పించి ఇదే పని చేయించడం కూడా ఉంది. కణితులను అడ్డుకునే జన్యువైన టీపీ53 కథ ఇంకా ఆసక్తికరం. బూజు పట్టిన ధాన్యంలో, వేరుశనగల్లో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం ఆ జన్యువులో 249వ స్థానంలో ఒక ప్రత్యేకమైన మార్పును మిగులుస్తుందని 1991లోనే గుర్తించారు. అంటే కణితిలోని జన్యుమార్పు చాలాసార్లు వంశం గురించి కాక, ఆ కాలేయం దేనికి గురైందో చెబుతుంది.

పుట్టుకతో వచ్చే మార్పులను వెతకాలంటే రక్తం పరీక్షించాలి. కణితి నివేదికను వారసత్వ నివేదికగా చదవడం చాలా మంది చేసే పొరపాటే. నివేదికలు రాసే మేము ఆ సంగతి ఒక్క వాక్యంలోనైనా స్పష్టంగా రాయం, తప్పు మాదే.

సమాధానం 2

నేను కాలేయ వ్యాధుల వైద్యుడిని. మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట చెల్లెలి గురించి రాసినది. ఆమెకు పుట్టగానే టీకా వేయించారా? వేయించి ఉంటే, తేడాకు కారణం జన్యువులు కాక ఆ టీకాయే అయి ఉండవచ్చు. పసితనంలో ఈ వైరస్ సోకితే పదిమందిలో తొమ్మిదిమందిలో దీర్ఘకాలికంగా నిలిచిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురిలో కూడా నిలవదు. అందువల్ల కుటుంబంలో 'వంశపారంపర్యం' అనుకునేది చాలాసార్లు ఒకరి నుంచి ఒకరికి చిన్ననాటనే చేరిన వైరసే. మీ అమ్మగారికి పరీక్ష చేయించడం మీ జన్యుపరీక్ష కంటే ముందు చేయవలసిన పని.

అలాగని పుట్టుకతో వచ్చే జన్యువుల పాత్ర లేదని కాదు. వైరస్ శరీరంలో నిలిచిపోతుందా, పోతుందా అన్నదానిపై రోగనిరోధక వ్యవస్థకు చెందిన హెచ్ఎల్ఏ-డీపీ జన్యువుల ప్రభావం ఉందని 2009లో జపాన్ పరిశోధకులు చూపారు. క్యాన్సర్ దశకు సంబంధించి 2010లో చైనాలో కెఐఎఫ్1బి అనే జన్యువు పేరు బయటికి వచ్చింది కానీ, ఇతర ఆసియా జనాభాల్లో పరీక్షించినప్పుడు ఆ ఫలితం నిలబడలేదు. ఈ రంగంలో ఇలాంటివి చాలా ఉన్నాయి, అందుకే ఒక్క జన్యువు పేరు చెప్పి భయపెట్టే ప్రకటనలను నేను నమ్మను.

నిజంగా బరువున్నది కుటుంబ చరిత్ర. హెపటైటిస్-బి ఉన్నవారిలో తండ్రికో, తల్లికో, తోబుట్టువుకో కాలేయ క్యాన్సర్ వచ్చి ఉంటే ముప్పు సుమారు రెండింతలు అవుతుందని తైవాన్‌లో ఏళ్ళ తరబడి సాగిన అధ్యయనం చూపింది. అందులో జన్యువులు ఎంత, ఉమ్మడి వైరస్ రకం ఎంత, ఒకే వంటింటి తిండి ఎంత అని విడదీయడం కష్టం, కానీ మీ విషయంలో నిర్ణయానికి ఆ విభజన అవసరం లేదు.

సమాధానం 3

నాది హెపటైటిస్-సి కథ. మందులతో వైరస్ పూర్తిగా పోయింది, సిర్రోసిస్ మిగిలింది. మా డాక్టరుగారు పీఎన్‌పీఎల్ఏ3 గురించి చెప్పారు. 2008లో కాలేయంలో కొవ్వుకు సంబంధించి గుర్తించిన ఈ జన్యువులో 148వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారితే, కొవ్వు పేరుకోవడం, మచ్చలు కట్టడం, క్యాన్సర్ ముప్పు పెరుగుతాయట. మద్యం వల్ల, కొవ్వు వల్ల కాలేయం దెబ్బతిన్నవారిలో ఈ సంబంధం బలంగా ఉంటుందని, హెపటైటిస్-సిలో కొంత ఉందని, బిలో అంత స్పష్టంగా లేదని అన్నారు. వైరస్ పోయినా సిర్రోసిస్ ఉంటే ముప్పు సున్నాకు రాదు కనుక ఆరు నెలలకోసారి స్కాన్ నాకు తప్పదు. జన్యువు ఎలా ఉన్నా ఆ షెడ్యూలు మారదని ఆయన అనడంతో పరీక్ష చేయించుకోలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మను అడిగాను, అన్నయ్యకూ నాకూ టీకా వేయించలేదని, చెల్లెలికి పుట్టిన రోజే వేశారని చెప్పారు. ఇన్నాళ్ళూ దాన్ని రక్తంలో తేడా అనుకున్నాను. ఒక చిన్న సందేహం: నాకు సిర్రోసిస్ లేదు కదా, అయినా స్కాన్ అవసరమా? 40 దాటాక చాలని ఎక్కడో చదివాను.

సమాధానం 2 రాసినవారు

హెపటైటిస్-సిలో క్యాన్సర్ ఎక్కువగా సిర్రోసిస్ దశ తర్వాతే వస్తుంది. బిలో మాత్రం సిర్రోసిస్ లేకుండానే రావచ్చు, వైరస్ డీఎన్ఏ కణపు డీఎన్ఏలో చొరబడటం అందుకు ఒక కారణం. మీరు చదివిన 40 అన్నది ఆసియా మూలాలున్న పురుషులకు అమెరికా మార్గదర్శకాల్లో చెప్పిన వయసు, మహిళలకు అది 50. కానీ తల్లిదండ్రులకో తోబుట్టువులకో కాలేయ క్యాన్సర్ వచ్చిన వారిని అవే మార్గదర్శకాలు వేరుగా, వయసుతో ముడిపెట్టకుండా పేర్కొన్నాయి. కాబట్టి మీరూ మీ అన్నయ్యా ఇప్పటి నుంచే ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, దానితోపాటు ఆల్ఫా ఫీటోప్రొటీన్ (కాలేయ క్యాన్సర్‌లో తరచుగా పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష మొదలుపెట్టండి. హెపటైటిస్-బి ఉన్నవారికే సోకే మరో వైరస్ అయిన హెపటైటిస్-డి పరీక్ష ఒకసారి చేయించుకోండి. బితో కలిసి ఉంటే అది ముప్పును బాగా పెంచుతుంది. వైరల్ లోడ్ తక్కువగా ఉందన్నారు, మంచిదే. అయినా మందు మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయంలో కుటుంబ చరిత్రను కూడా లెక్కలోకి తీసుకుంటారు కనుక, మీ నాన్నగారి నివేదికను మీ డాక్టరుగారికి చూపించండి. జన్యువుల కోసం కాదు, ఏ వయసులో ఏ దశలో కణితి బయటపడిందో ఆయనకు తెలియడం కోసం.