డై సెల్ కరెంట్ పడిపోతోంది, మెటీరియల్ ఏం మార్చాలి?

ఎలక్ట్రాన్ వేట:
రాత్రి నుంచీ దీని ముందే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. డై సెన్సిటైజ్డ్ సెల్స్, అంటే రంగు (డై) వెలుగుని పట్టి కరెంట్ ఇచ్చే సోలార్ సెల్స్ చేస్తున్నాను. చేసిన రోజు రీడింగ్ బాగానే ఉంటుంది, వారం తిరిగేసరికి కరెంట్ సగానికి పడిపోతోంది. వోల్టేజ్ మాత్రం దాదాపు అలాగే ఉంది. డై కొత్త బ్యాచ్ తీశాను, డై పట్టుకునే టైటానియా (టైటానియం డయాక్సైడ్) పేస్ట్ మార్చాను, టైటానియం టెట్రాక్లోరైడ్ ట్రీట్‌మెంట్ కూడా ఇచ్చాను. ఏ మెటీరియల్ వేస్తే నిలబడుతుందో చెప్పండి. అర్జెంట్.

సూటిమాట:
ఏ డై? ఏ సాల్వెంట్? సీలింగ్ దేంతో?

ఎలక్ట్రాన్ వేట:
మామూలువేనండీ. ఎన్719 అనే ఎర్రటి రుథేనియం డై, అసిటోనైట్రైల్ సాల్వెంట్‌లో అయొడైడ్, అవతలి ఎలక్ట్రోడ్ ప్లాటినం, సర్లిన్ ప్లాస్టిక్ సీల్. అందరూ చేసేదే.

ఆకుపచ్చ బాట:
అసలు రుథేనియం ఎందుకండీ? అరుదైన లోహం, ఖరీదు. మందార, దానిమ్మ లాంటి వాటిలోని ఆంథోసయనిన్లు టైటానియాకి చక్కగా పట్టుకుంటాయి. నీళ్లలో నానబెట్టి వడకడితే డై రెడీ. ఈ గ్రూపులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

సూటిమాట:
ఆయన గోల సెల్ నిలవట్లేదని. మీరేమో ఇంకా త్వరగా వెలిసిపోయే రంగు వేయమంటున్నారు. పైగా వాటితో ఎఫిషియెన్సీ 1 శాతం దాటడమే గొప్ప.

పాత ఎలక్ట్రోడ్:
ఎలక్ట్రాన్ వేట గారూ, మెటీరియల్ సంగతి తర్వాత. ముందు సెల్‌ని తెల్ల కాగితం మీద పెట్టి, టైటానియా పూతకీ సీల్‌కీ మధ్య ఉండే సన్నటి ఖాళీ చూడండి. అక్కడ కనిపించేది ఎలక్ట్రోలైట్ (లోపలి అయొడైడ్ ద్రవం) రంగు ఒక్కటే. డై ఊడిపోతే మధ్యలో ఎరుపు తగ్గుతుంది. ఆ ద్రవానికి రంగునిచ్చే ట్రైఅయొడైడ్ ఖర్చయిపోతే అంచు వెలిసిపోతుంది. రెండు సందర్భాల్లోనూ కరెంటే పడుతుంది కాబట్టి మీటర్ చూసి తేల్చలేం.

ఎలక్ట్రాన్ వేట:
చూశాను. మధ్యలో ఎరుపు అలాగే ఉంది. అంచు మొదట్లో చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉండేది, ఇప్పుడు లేత పసుపు. బుడగలు ఎక్కడా లేవు.

పాత ఎలక్ట్రోడ్:
అయితే డై క్షేమం, లీకు కూడా కాకపోవచ్చు. ట్రైఅయొడైడ్ లోపలే ఎక్కడో ఖర్చవుతోంది. యూవీ వల్ల కావచ్చు. టైటానియా బ్యాండ్ గ్యాప్ (వెలుగుని పీల్చుకోవడానికి కావలసిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, అంటే సుమారు 388 నానోమీటర్ల లోపు వెలుగుని అదే పీల్చుకుని అయొడిన్ కెమిస్ట్రీని చెడగొడుతుంది. అందుకే సెల్ ముందు 400 నానోమీటర్ల లోపు వెలుగుని ఆపే ఫిల్టర్ పెడతారు. లోపలికి తేమ చేరినా, ఏదైనా లోహం తగిలినా ఇదే జరుగుతుంది. చీకట్లో ఉంచిన సెల్ ఏమైనా ఉందా?

కొలతల మనిషి:
చీకట్లో పెట్టి చూసేదాన్ని స్టెబిలిటీ అనరు. అది షెల్ఫ్ లైఫ్. స్టెబిలిటీ అంటే చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుగులో, వేడిలో, 1000 గంటలు నడిపి చూపించాలి. 2003లోనే జెడ్907 డైతో, జెల్ ఎలక్ట్రోలైట్‌తో 80 డిగ్రీల్లో 1000 గంటలు నిలబెట్టారు. మీరు వాడే అసిటోనైట్రైల్ 82 డిగ్రీలకే మరుగుతుంది. ఇక ఆ టెస్టులో ఏం నిలుస్తుంది? ఇంకా ఎక్కువ వేడికి మరిగే మీథాక్సీ ప్రోపియోనైట్రైల్‌కి మారండి.

సూటిమాట:
వారంలో చచ్చే సెల్‌కి 1000 గంటల టెస్టు దేనికి?

కొలతల మనిషి:
మాటలు సరిగ్గా వాడమంటున్నాను, అంతే. లీకైనా డిగ్రేడేషనే, రంగు పోయినా డిగ్రేడేషనే అంటే ఎవరి డేటా ఎవరితో పోల్చాలి? మీకు జోక్‌గా ఉంది.

పాత ఎలక్ట్రోడ్:
ఆ జెడ్907 నిలిచింది డై మీద నీళ్లు నిలవనివ్వని పొడవాటి తోకలు ఉండటం వల్ల కూడా. మంచి దారే, కానీ ఇక్కడి జబ్బు వేరేలా ఉంది.

ఎలక్ట్రాన్ వేట:
చీకట్లో పెట్టినది కూడా వెలిసిపోయింది. ఇంకా తొందరగా పోయింది ఎక్కడంటే, సిల్వర్ గీతల పక్కన.

సూటిమాట:
ఏ సిల్వర్ గీతలు?

ఎలక్ట్రాన్ వేట:
సెల్ వెడల్పు ఎక్కువ కదండీ, ఎఫ్‌టీఓ (గ్లాసు మీద కరెంట్ పారే పూత) రెసిస్టెన్స్ తగ్గాలని సిల్వర్ పేస్ట్‌తో గీతలు వేశాను. మధ్యలోంచే వెళ్తాయి. మామూలే కదా.

సూటిమాట:
మీద పూత ఉందా? లేకపోతే అయొడిన్ వెండిని తినేస్తోంది. అయిపోయింది కథ.

పాత ఎలక్ట్రోడ్:
ఇది మొదటి పోస్టులోనే ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. ట్రైఅయొడైడ్ వెండితో కలిసి సిల్వర్ అయొడైడ్ అవుతుంది. ఇటు ఎలక్ట్రోలైట్ పలచబడుతుంది, అటు గీత తెగుతుంది. డై ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. సెల్‌ని సన్నటి పట్టీల్లా చేసి గీతలు సీల్ బయటికి తెచ్చేయండి. లోపలే ఉండాలంటే మీద గ్లాస్ ఫ్రిట్ (గాజు పొడి) పూత కాల్చాలి, పిన్ను మోపినంత సందు ఉన్నా అక్కడి నుంచే మొదలవుతుంది. అయొడిన్‌నే తీసేసి కోబాల్ట్ కాంప్లెక్సులకి వెళ్లే దారీ ఉంది. 2011లో పోర్ఫిరిన్ డైతో వాటి మీదే 12.3 శాతం ఎఫిషియెన్సీ వచ్చింది. కాకపోతే అవి లావు అణువులు, మెల్లగా కదులుతాయి, టైటానియా పూత పలచగా వేసుకోవాలి.

ఆకుపచ్చ బాట:
కోబాల్ట్ కూడా ఖరీదే. రాగి కాంప్లెక్సులు ఉన్నాయిగా. ద్రవం ఎండిపోయాక కూడా పనిచేసిన సెల్స్ ఉన్నాయి వాటితో.

కొలతల మనిషి:
ఎండిపోయాక అది సాలిడ్ స్టేట్ సెల్. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

ఆకుపచ్చ బాట:
పేరేదైతేనేం, కరెంట్ వస్తోందా లేదా?

ఎలక్ట్రాన్ వేట:
సరే, గీతలు బయటికి తీసి చూస్తాను. థాంక్స్. ఇంకో డౌట్, ఎఫ్‌టీఓ అయిపోవచ్చింది, ఐటీఓ (అలాంటిదే ఇంకో పూత) గ్లాసు వాడొచ్చా?

సూటిమాట:
450 డిగ్రీల్లో కాలిస్తే ఐటీఓ రెసిస్టెన్స్ పెరిగిపోతుంది. వేరే పోస్టు పెట్టండి. ఈసారి అన్నీ రాయండి.