దొంగతనం తర్వాత ముందు ఏం చేయించాలి: తలుపా, కెమెరాలా?

మేం ఊళ్లో లేనప్పుడు మా ఇంట్లో దొంగలు పడ్డారు. వెనక తలుపు తాళం చెక్కుచెదరలేదు. గడియ దిగే చోట ద్వారబంధం చెక్కే చీలిపోయింది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, బ్యాంకు కార్డులు ఆపించాం, పోయిన ఫోన్‌ని ఐఎంఈఐ నంబరుతో బ్లాక్ చేయించాం.

ద్వారబంధానికి మందపాటి ఇనుప పట్టీ వేసి, గోడలోకి దిగేంత పొడవు స్క్రూలు బిగిస్తే చాలంటున్నాడు వడ్రంగి. మా ఆయనేమో కెమెరాలు పెట్టిద్దాం అంటున్నారు. కెమెరా దొంగని చూపిస్తుంది గానీ ఆపదు కదా అని నా అభిప్రాయం. పైగా రికార్డింగ్ పెట్టె ఇంట్లోనే ఉంటే దాన్నీ ఎత్తుకుపోతారు. రెండూ ఒకేసారి చేయించే స్తోమత లేదు. ఇలాంటిది ఎదురైనవాళ్లు ముందు ఏది చేయించుకున్నారు? మనిషి కదిలితే వెలిగే లైట్లు నిజంగా పనికొస్తాయా?

ఇంకోటి, నాకైతే ఇదే పెద్ద బెంగ. మా పాప రాత్రిళ్లు చిన్న చప్పుడుకే లేచి కూర్చుంటోంది. తన బీరువా ఎవరో కెలికారని అందులో బట్టలు తొడుక్కోనంటోంది. అన్నీ ఉతికి ఆరేసి ఇచ్చినా వద్దంటోంది. నచ్చజెప్పాలా, కొన్నాళ్లు అలాగే వదిలేయాలా? పిల్లల్లో ఈ భయం పోగొట్టినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.