"పొరను గిల్లి తిత్తి": గిల్లియా, గిల్లయా?

అరసున్న: రెండ్రోజులుగా ఒక పాదం బుర్రలో తిరుగుతూనే ఉంది. చదువుకునే రోజుల్లో మా బయాలజీ సారు సెల్లులో సరుకు ఒక అరలోంచి ఇంకో అరలోకి ఎలా పోతుందో చెప్తూ అప్పటికప్పుడు ఆటవెలది ఒకటి కట్టి బోర్డు మీద రాశారు. మూడు పాదాలు మర్చిపోయా, ఒక్కటే మిగిలింది: "పొరను గిల్లి తిత్తి పొరను గలియు". తిత్తి అంటే ఆయన లెక్కలో వెసికిల్, సెల్లులో సరుకు మోసే చిన్న పొర సంచి. నా ప్రశ్న చిన్నదే, ఈ అర్థంలో తిత్తి అన్న మాట ఎవరైనా అచ్చులో చూశారా?

గణయతి: పొరను, గిల్లి, తిత్తి, పొరను, గలియు. ఐదూ సూర్యగణాలే, పొకి పొ యతి, కాబట్టి రెండో పాదమో నాలుగోదో. మీ ప్రశ్నకి జవాబు కాదు గానీ గిల్లి దగ్గర పంటికింద రాయి తగిలింది. గిల్లిందెవరండీ? గిల్లి, కలియు, ఈ రెండు పనులకీ కర్త ఒక్కరే ఉండాలి, ఇక్కడ కనిపించే కర్త తిత్తి. పొరను గిల్లితే కదా తిత్తి పుట్టేది, పుట్టకముందే అది గిల్లడమేంటి? సారు "గిల్ల" అని రాసుంటారు, గిల్లగా అన్న అర్థంలో.

పాతనిఘంటువు: వాన పడి చెరువు నిండింది అంటాం కదా. పడింది వాన, నిండింది చెరువు. తెలుగులో ఇది కొత్తేం కాదు.

గణయతి: అది అకర్మకం, పైగా వాన వాక్యంలోనే ఉంది. "తలుపు వేసి నా వేలు నలిగింది" అని ఎవరన్నా అంటారా? పిల్లని గిల్లి ఊయల ఊపడంలో కూడా గిల్లినవాడే ఊపుతాడు, ఆ మాటకున్న ఎత్తిపొడుపంతా అందులోనే ఉంది. ఇంకోటి, గిల్లన్ అని ద్రుతం, అంటే చివర నకారం, వస్తే పక్కనున్న త సరళమై ద అవుతుంది, తిత్తి కాస్తా దిత్తి అవ్వాలి. పొరను పక్కన కలియుని గలియు అని సరళం మర్చిపోకుండా రాసిన మనిషి అక్కడ మాత్రం వదిలేస్తాడా? అరసున్న గారూ, గుర్తు తెచ్చుకోండి, బోర్డు మీద ఉన్నది తిత్తా దిత్తా?

అరసున్న: తిత్తి అనే గుర్తండీ. దిత్తి అని ఉంటే నవ్వుకునేవాళ్ళం.

గణయతి: దిత్తి అని చదివి మీరే మనసులో తిత్తిగా సరిచేసుకుని ఉంటారు. అందరం చేసే పనే.

సూక్ష్మదర్శిని: వ్యాకరణం మీరు చూసుకోండి గానీ గిల్లిందెవరు అన్నది మాత్రం మా బయాలజీ వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకున్న ప్రశ్నే. సెల్లు పైపొర లోపలికి గుంటపడి క్లాథ్రిన్ అనే ప్రోటీన్ తొడుగేసుకున్న తిత్తి అవుతుంది చూడండి, అక్కడ తొడుగు పొరని వంచుతుంది, మెడ దాకా తెస్తుంది, అంతే. ఆ మెడ చుట్టూ డైనమిన్ అనే ఇంకో ప్రోటీన్ ఉంగరంలా చుట్టుకుని బిగిస్తే అప్పుడు తెగుతుంది. షిబిరే అని ఒక రకం ఈగలున్నాయి, జపనీస్‌లో ఆ మాటకి తిమ్మిరి అని అర్థం, వాటిలో డైనమిన్ జీన్ చెడి ఉంటుంది, వేడి కాస్త పెంచితే చాలు కాసేపట్లోనే చచ్చుబడి పడిపోతాయి, చల్లబరిస్తే మళ్ళీ లేస్తాయి. పడిపోయినప్పుడు వాటి నరాల కొసల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే పొర మీద గుంటలు గుంటలుగా సగం పుట్టిన తిత్తులు, ఒక్కోదాని మెడకీ పట్టీ వేసినట్టు ఉంటుంది, తెగవు. గిల్లే చెయ్యి వేరే ఉందని అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

గణయతి: చూశారా. కర్త వేరు. గిల్లన్. దిత్తి.

సూక్ష్మదర్శిని: ఆగండి ఆగండి, అన్ని తిత్తులూ అలా కాదు. ఈఆర్ అని సెల్లులో ప్రోటీన్లు తయారయ్యే అర, అక్కణ్ణుంచి వాటిని సర్ది పంపే గాల్జి అనే అర వైపు పోయేవాటికి కాప్-టూ అని వేరే తొడుగు. అందులో సార్-వన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది, అదే ముందు వచ్చి పొరలోకి గుచ్చుకుని తొడుగు కట్టడం మొదలెడుతుంది, చివర్లో మెడ తెగడంలోనూ దాని చెయ్యే ఉంటుంది, డైనమిన్ అక్కర్లేదు. తొడుగు తిత్తిలో భాగమే అనుకుంటే తిత్తి తనని తానే గిల్లుకున్నట్టు. కాబట్టి సారు ఏ తిత్తి గురించి చెప్పారో తెలిస్తే గానీ గిల్లా గిల్లియా తేలదు.

పాతనిఘంటువు: వ్యాకరణం సెల్లులో ఏ మూల ఉన్నామో దాన్ని బట్టి మారడం ఇదే మొదటిసారి వినడం 😀 ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, క్రియ సరిగ్గా పడింది. గిచ్చు అనలేదు. గిచ్చితే నొప్పే, గిల్లితే ముక్క చేతిలోకి వస్తుంది, చిగురు గిల్లినట్టు. ఇక తిత్తి, కొలిమి తిత్తి ఉంది, ఊపిరితిత్తి ఉంది, తోలుతో చేసిన సంచి కాబట్టి పొర సంచికి అంతకన్నా మంచి మాట లేదు. లాటిన్‌లో కూడా వెసికిల్ అంటే చిన్న మూత్రాశయం అనే కదా. బుడగ అనేవాళ్ళంటే నాకు చిరాకు, బుడగ పగలడానికే పుడుతుంది.

సూక్ష్మదర్శిని: పగలకపోవడమే అసలు కిటుకు. తిత్తి దారిలో పగలదు, లోపలి సరుకు సైటోప్లాజానికి ఒక్కసారి కూడా తగలదు. చొక్కా జేబుని లోపలిది బయటికి తిప్పినట్టు, ఈఆర్‌లో లోపలి వైపు చూస్తున్న పొర ముఖం చివరికి సెల్లు పైన బయటి వైపు చూస్తుంది.

మందారం: అందరూ గిల్లి పట్టుకు కూర్చున్నారు, నాకు ఆ చివరి గలియు పేలవంగా ఉంది. లీనం అనే మాట పెట్టుకుని కలియు ఏంటండీ? పోతన "ఎవ్వని లోపల నుండు లీనమై" అంటే ఆ లీనంలో ఎంత లోతు!

గణయతి: లీనమగును పెట్టి చూడండి, గణం బద్దలవుతుంది. పైగా ఆ పద్యంలో లీనమై అన్నది జగం ఉన్నంతసేపు ఉండే తీరు. అణగడం, అంటే అంతమవడం, తర్వాతి పాదంలో "డిందు" దగ్గర. లీనం అంటే అంటిపెట్టుకుని దాగి ఉండటం, కరిగి మాయమవడం కాదు.

మందారం: అంటిపెట్టుకోవడమూ ఉంది, కరగడమూ ఉంది, ఆ ధాతువులోనే రెండూ ఉన్నాయి. ఆయన రెండూ వినపడాలనే వేశాడు. ఆ పద్యంలో పుట్టుక, ఉండటం, అణగడం వరసగా వస్తాయి, ఒక్కో ఎవ్వడుకీ గొంతు ఒక మెట్టు పైకి పోతుంది, ఏనుగు ఊపిరి అందక ఆగి ఆగి పిలుస్తున్నట్టే ఉంటుంది నాకైతే. (సారీ, తిత్తుల్లోకి రండి.)

సూక్ష్మదర్శిని: మీ లెక్కన సరుకు తిత్తిలో లీనం, తిత్తి పొర అవతలి పొరలో విలీనం, బావుంది. సంలీనం అన్న మాటని ఫిజిక్స్ వాళ్ళు అణుకేంద్రకాల కలయికకి ఎప్పుడో పట్టుకుపోయారు.

అరసున్న: ఇప్పుడు ఇంకో అనుమానం వస్తోంది, చివర "పొరకు జేరు" అని ఉందేమో. అదీ సరిపోతుంది కదా?

గణయతి: గణం, యతి రెండూ సరిపోతాయి.

సూక్ష్మదర్శిని: అర్థం సరిపోదు. చేరడం వేరు, కలవడం వేరు. తిత్తి మీద స్నేర్ అనే ప్రోటీన్ ఒకటి, అవతలి పొర మీద స్నేర్లు, ఇవి ఒకదాంతో ఒకటి తాడు పేనినట్టు మెలిపడి రెండు పొరల్నీ దగ్గరికి లాగితేనే కలుస్తాయి. బోటులినం విషం ఆ స్నేర్లనే కోసేస్తుంది, అప్పుడు నరం కొసలో తిత్తి గుమ్మం దాకా చేరి అక్కడే ఉండిపోతుంది, కండరానికి కబురు అందదు. షెక్‌మన్ అనే శాస్త్రవేత్త ఈస్ట్‌లో చెడగొట్టిన జీన్లలో కూడా కొన్ని అంతే, తిత్తులు లోపల గుట్టలుగా పేరుకుపోయాయి, చేరవలసిన చోట కలవలేక. 2013 నోబెల్ రాత్‌మన్‌కీ, స్యూడాఫ్‌కీ, ఆయనకీ కలిపి ఇచ్చింది ఈ పనికే. "జేరు" అంటే విషం తిన్న తిత్తి అన్నమాట.

పాతనిఘంటువు: ఆ వ్యాఖ్య ఒక్కటీ దాచుకుంటున్నా.

అరసున్న: అప్డేట్. అప్పట్లో నా పక్కన కూర్చున్న ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. అది తిత్తి కాదట, బుగ్గట! నీటిబుగ్గ అన్న అర్థంలో. "గిల్లి బుగ్గ" అని రాయగానే క్లాసంతా గొల్లుమంటే సారు ఆ మాట చెరిపేసి తిత్తి పెట్టారట. చెరిపారా లేదా అన్నది కూడా వాడికి గట్టిగా తెలీదు.

పాతనిఘంటువు: బుగ్గా? అదీ పగిలేదేగా.

గణయతి: బ ముందే సరళం. గిల్ల అన్నా గిల్లి అన్నా పక్కన బుగ్గే ఉంటుంది, నా దిత్తి సాక్ష్యం కొట్టుకుపోయింది. మీ ఫ్రెండ్ నంబరుకి మళ్ళీ ఒకసారి చెయ్యండి, చివర ఇకారమా అకారమా అని ఒక్క ముక్క అడగండి చాలు.