సొంత వాడకానికి కూడా ప్యాకేజీ కట్టుకోవాలా?

మొదటిమెట్టు
డెబియన్ లినక్స్ రిపాజిటరీలో (సిద్ధంగా ఉంచిన ప్రోగ్రాముల భాండారంలో) లేని కొన్ని చిన్న ప్రోగ్రాములను సోర్సు నుంచి కంపైల్ చేసుకుని వాడుతున్నాను. కంపైలైన ఫైళ్లను సిస్టమ్‌లో పెట్టే ‘మేక్ ఇన్‌స్టాల్’ ఆదేశంతో పని అయిపోతోంది. వాటిని డెబ్ ప్యాకేజీలుగా (డెబియన్ వాడే ఇన్‌స్టాల్ ఫైళ్లుగా) మార్చుకోవడమే సరైన పద్ధతని కొందరంటున్నారు. నేనొక్కడినే వాడేవాటికి అంత శ్రమ ఎందుకు?

పాతకాపు
అక్కర్లేదు. అలా పెట్టినవి మామూలుగా యూఎస్ఆర్‌లోని లోకల్ డైరెక్టరీలోకి వెళతాయి. డెబియన్ ప్యాకేజీలు అక్కడ తమ ఫైళ్లు పెట్టవు. ఎవరి జాగా వారిది. మధ్యలో ఈ తతంగం దేనికి?

ఉలి
పేచీ వచ్చేది ప్రోగ్రామును పెట్టేటప్పుడు కాదండీ, తీసేటప్పుడు. ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ అన్ని ప్రాజెక్టుల్లోనూ ఉండదు. ఉన్నా ఆనాటి సోర్సు దాచుకుని ఉండాలి. లోకల్‌లో మిగిలిపోయిన పాత లైబ్రరీని (ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్‌ను) కొత్త ప్రోగ్రాము ముందుగా అందుకుందంటే, తప్పెక్కడుందో తేలక గంటలు పోతాయి. అదే ప్యాకేజీ అయితే ఏ ఫైలు ఎవరిదో డీపీకేజీ (డెబ్ ప్యాకేజీలను పెట్టి, తీసే ప్రోగ్రాము) దగ్గర రాసి ఉంటుంది. పెద్ద ఎల్ ఆప్షన్ ఇస్తే ప్యాకేజీలోని ఫైళ్ల జాబితా, పెద్ద ఎస్ ఇస్తే ఫైలు ఏ ప్యాకేజీదో చెబుతుంది. కొత్త ప్యాకేజీ వేరే ప్యాకేజీ ఫైలు మీద తన ఫైలు రాయబోతే ఆపుతుంది కూడా.

పైగా అది మీరనుకున్నంత శ్రమ కాదు. డెబ్ ఫైలంటే ఒక ఏఆర్ ఆర్కైవు, అంటే కొన్ని ఫైళ్లను కట్టిన మూట. లోపల ఉండేవి మూడే: ‘2.0’ అని రాసిన బుల్లి ఫైలు, ప్యాకేజీ వివరాలున్న కంట్రోల్ టార్, ప్రోగ్రాము ఫైళ్లున్న డేటా టార్. ప్రిఫిక్స్‌ను (ప్రోగ్రాము చివరికి ఉండే చోటును) యూఎస్ఆర్‌గా పెట్టి కంపైల్ చేసి, ‘మేక్ ఇన్‌స్టాల్’కు డెస్ట్‌డిర్‌గా (ఫైళ్లను తాత్కాలికంగా దింపే చోటుగా) ఖాళీ డైరెక్టరీ ఒకటి చూపించండి. అందులో పెద్ద అక్షరాలతో డెబియన్ అనే డైరెక్టరీ చేసి కంట్రోల్ ఫైలు రాయండి. తప్పనిసరి వివరాలు ఐదే: పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్, నిర్వహించేవారు, వివరణ. ఆ తర్వాత దాన్ని డెబ్ ఫైలుగా కట్టే డీపీకేజీ-డెబ్ మిగతా పని చూసుకుంటుంది. రూట్-ఓనర్-గ్రూప్ ఆప్షన్ మాత్రం మరవకండి. లేకపోతే సిస్టమ్‌లోకి వెళ్లే ఫైళ్లు మీ మామూలు ఖాతా పేరు మీదే ఉండిపోతాయి.

పాతకాపు
ఆ ఐదింటిలో డిపెండెన్సీలు (ప్రోగ్రాముకు కావలసిన ఇతర ప్యాకేజీలు) లేవు, గమనించారా? అవి రాయకపోతే మీ ప్రోగ్రాముకు ఏ లైబ్రరీ కావాలో ఆప్ట్‌కు (రిపాజిటరీ నుంచి ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రాముకు) తెలియదు. ఏదో ఒకనాడు, ఇక అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను తీసే ఆటోరిమూవ్‌లో ఆ లైబ్రరీ పోతుంది. సగమే రాసిన లెక్కను నమ్ముకోవడం మరీ ప్రమాదం. గ్నూ స్టో అనే ప్రోగ్రాము వాడితే ప్రతి ప్రోగ్రామూ తన డైరెక్టరీలోనే ఉంటుంది, బయట కనిపించేవి లింకులే. వద్దనుకుంటే లింకులు తీసేస్తే సరి.

ఉలి
స్టో మంచిదే, కాదనను. కానీ స్టోతో పెట్టినా ఆ లైబ్రరీ పోయే ప్రమాదం అంతే కదా! ప్యాకేజీలో కనీసం ‘డిపెండ్స్’ అని రాసుకునే చోటుంది. మీ ప్రోగ్రాముకు కావలసినవిగా ఎల్‌డీడీ ఆదేశం చూపించే లైబ్రరీలు ఏ ప్యాకేజీలవో ఇందాకటి పెద్ద ఎస్‌తోనే వెతికి రాయవచ్చు.

దారిదీపం
వెర్షన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రిపాజిటరీలోకి అదే పేరుతో పెద్ద వెర్షన్ వస్తే అప్‌గ్రేడ్‌లో మీది కొట్టుకుపోతుంది. అలా పోవడం ఇష్టమైతే ‘1.2+లోకల్1’ తరహాలో పెట్టండి: అధికారిక 1.2 దాన్ని కదపదు, 1.3 మాత్రం కదుపుతుంది. ఇష్టం లేకపోతే పేరే మార్చండి, లేదా ఆప్ట్-మార్క్‌తో హోల్డ్‌లో (అప్‌గ్రేడ్ కాకుండా) పెట్టండి.

మొదటిమెట్టు
ఒకే ఒక్క షెల్ స్క్రిప్టుకు కూడా ఇదంతా చేయాలా?

ఉలి
వద్దు. దాన్ని లోకల్‌లోని బిన్‌లో పెట్టుకోండి. అక్కడ పాతకాపు గారి మాటే సరైనది.