అప్‌డేట్: రిక్రూటింగ్ ర్యాంకులు చూసి గెలుపు చెప్పొచ్చా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో రిక్రూటింగ్ ర్యాంకులను (ఏ కాలేజీ ఎంత మంచి కొత్త ఆటగాళ్లను చేర్చుకుందో చెప్పే ర్యాంకులు) బట్టి విజేతను ఊహించొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే ఒక్క ఏడాది ర్యాంకు పక్కన పెట్టి, గత 4 ఏళ్లలో తీసుకున్నవాళ్లలో 4, 5 స్టార్ల కుర్రాళ్లు (స్కూల్లో ఆటను బట్టి ఇచ్చే రేటింగ్, 5 అన్నిటికంటే ఎక్కువ) సగం దాటారా అని చూస్తున్నా.

2022లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తెచ్చుకున్న బ్యాచ్ దేశంలోనే నంబర్ వన్. ఆ సీజన్‌లో జట్టు 5 గెలిచి 7 ఓడింది! వచ్చినవాళ్లు పద్దెనిమిదేళ్ల పిల్లలు మరి, ముందు వరుసలో ఎదుటివాళ్లను ఢీకొనే ఒళ్లు రావడానికే టైం పడుతుంది. అదే సీజన్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) అన్ని స్టార్లు లేకుండానే ఫైనల్‌కు వెళ్లింది గానీ, జార్జియా చేతిలో 65-7తో చిత్తయింది.

ఇక ట్రాన్స్‌ఫర్లు, అంటే ఆటగాళ్లు కాలేజీ మారడం. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) జో బరో మొదట చేరింది ఒహాయో స్టేట్‌లో, 2019 టైటిల్ గెలిపించింది ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)కి. అందుకే స్కూల్ నుంచి చేరుతూ సంతకం పెట్టినవాళ్ల జాబితా వదిలేసి, సీజన్ ముందు రోస్టర్‌లో (జట్టు జాబితాలో) ఉన్నవాళ్లనే లెక్కపెడుతున్నా.