ఆర్కెస్ట్రా స్కోర్లను టెక్స్ట్ ఫైళ్లుగా రాసి ఉంచడం మేలా, తెర మీద స్వరాలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో ఉంచడం మేలా?

స్కోరు_బీరువా:
35 మంది వాద్యకారులున్న ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో స్కోర్ల బాధ్యత నాది. మా అరేంజ్‌మెంట్లు దాదాపు 140 ఉన్నాయి, అన్నీ ఒకే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. దాని తయారీ ఆగిపోయింది, అది నడిచే కంప్యూటరు మాకు ఒక్కటే మిగిలింది. కమిటీలో కొందరు లిలీపాండ్‌కు మారుదామంటున్నారు. అందులో స్వరాలను అక్షరాలుగా, వాటి కాలాన్ని అంకెలుగా మామూలు టెక్స్ట్ ఫైలులో రాస్తే, ప్రోగ్రాము దాన్ని చదివి స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) పేజీలను పీడీఎఫ్‌గా తయారు చేస్తుంది. మిగతావారు మ్యూజ్‌స్కోర్ లాగా కంటికి కనబడే పేజీ మీదే పనిచేసే సాఫ్ట్‌వేర్ కావాలంటున్నారు. ఈ రెండు పద్ధతుల్లోనూ పనిచేసినవారి అభిప్రాయం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కలువకొలను:
లిలీపాండ్‌కే మారండి. మీకు వచ్చిన ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. 1988 నుంచి ఉన్న ఫినాలే అనే స్కోర్లు రాసే సాఫ్ట్‌వేర్ తయారీని ఆపేస్తున్నట్టు 2024 ఆగస్టులో ప్రకటన వచ్చినప్పుడు, దాని మీదే జీవితమంతా పనిచేసిన కాపీయిస్టులు (స్కోర్లనూ, ఒక్కో వాద్యానికి విడిగా ఇచ్చే పార్టులనూ రాసిపెట్టేవారు) ఎందరో మీలాగే దారి వెతుక్కోవలసి వచ్చింది. లిలీపాండ్‌ను హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ అనే ఇద్దరు 1996లో మొదలుపెట్టారు. అది గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగం, దాని సోర్సు అందరికీ అందుబాటులో ఉంది, కాబట్టి ఒక సంస్థ తలుపులు మూసుకున్నంత మాత్రాన అది మాయమైపోదు. ఒకవేళ ప్రోగ్రామే లేకుండా పోయినా, ఫైలు తెరిచి చూస్తే ఏ స్వరం ఎంత కాలమో సంగీతం తెలిసిన మనిషి చదువుకోగలడు.

ముద్రణ నాణ్యత సంగతి కూడా చెప్పాలి. లోహపు పలకల మీద పంచ్‌లతో కొట్టి, చేత్తో గీతలు చెక్కిన పాత ఎన్‌గ్రేవర్ల పనితనాన్ని ఆదర్శంగా పెట్టుకుని దీన్ని రూపొందించారు. బారెన్‌రైటర్ అనే ప్రచురణ సంస్థ 1950లో ముద్రించిన బాఖ్ సెల్లో సూట్ల పేజీని పక్కన పెట్టుకుని, గీతల మందం, స్వరాల మధ్య ఎడం ఎలా ఉండాలో వాళ్ల వ్యాసంలోనే వివరించారు. పైగా కండక్టర్ పోయినవారం ఏ బార్‌లో (నిలువు గీతల మధ్య ఉండే తాళభాగంలో) ఏ డైనమిక్ (ధ్వని హెచ్చుతగ్గుల గుర్తు) మార్చారో రెండు ఫైళ్లను పోల్చి చూస్తే ఫైలులోని వరసతో సహా తెలిసిపోతుంది. తెర మీద పనిచేసే సాఫ్ట్‌వేర్లలో ఆ సంగతి ఇంత తేలికగా తెలుసుకోవడం నేను చూడలేదు.

రెండో_ఓబో:
నేను లిలీపాండ్‌ను రెండేళ్లు వాడి వదిలేశాను, కాబట్టి తెలియక మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. అందులో రిలేటివ్ పద్ధతి ఒకటి ఉంది. ప్రతి స్వరాన్నీ దాని ముందు స్వరానికి దగ్గరగా ఉన్న ఆక్టేవ్‌లోనే (స్థాయిలోనే) ఉన్నట్టు తీసుకుంటుంది, దూరం దూకవలసి వస్తే అపాస్ట్రఫీయో కామాయో మనమే పెట్టాలి. ఒకసారి 41వ బార్‌లో ఒక్క కామా మరిచిపోయాను. అక్కడినుంచి పార్టు చివరిదాకా ప్రతి స్వరమూ ఒక ఆక్టేవ్ పైకి వెళ్లిపోయింది. అది రిహార్సల్‌లో, అందరి ఎదుటా బయటపడింది. పేజీ మీద స్వరాన్ని పెడుతూ చూస్తున్నవాడికి ఇలాంటి తప్పు జరిగిన క్షణంలోనే కనబడుతుంది.

కలువకొలను:
అది లిలీపాండ్ తప్పు కాదండీ. రిలేటివ్ వద్దనుకుంటే ఫిక్స్‌డ్ అనే పద్ధతి ఉంది, ఒకసారి ఆధార ఆక్టేవ్ చెప్పేస్తే ప్రతి స్వరమూ దానితోనే లెక్కకు వస్తుంది, ముందు స్వరంతో దానికి సంబంధం ఉండదు. బార్ చివర నిలువు గీత పెడుతూ వెళ్తే, లెక్క తప్పిన బార్ ఏదో వరస సంఖ్యతో సహా హెచ్చరిక వస్తుంది.

రెండో_ఓబో:
నిలువు గీత కాలాన్ని సరిచూస్తుందే గాని ఆక్టేవ్‌ను సరిచూడదు. మీరు చెప్పిన మందు నా జబ్బుది కాదు.

చిన్నగీత:
ఆక్టేవ్‌ను సరిచూసే సదుపాయం విడిగా ఉంది. స్వరం తర్వాత సమాన చిహ్నం, దాని వెంట ఆక్టేవ్ గుర్తు పెడితే, తేడా ఉన్నచోట హెచ్చరిక వస్తుంది.

రెండో_ఓబో:
ఉండవచ్చు. దాన్ని పెట్టడమూ గుర్తుంచుకోవాలి కదా. స్వరాల పేర్ల సంగతి కూడా అడుగుతాను. సి షార్ప్‌కు సిస్ అని, ఇ ఫ్లాట్‌కు ఎస్ అని డచ్ పేర్లతో రాయాలి. ఇరవై ఏళ్లుగా వేరే పేర్లతో ఆలోచిస్తున్న మనిషి ప్రతి స్వరం దగ్గరా ఆగి మనసులో అనువాదం చేసుకోవలసి వస్తే, పల్లవి మనసులో మోగుతుండగా రాసే వీలు ఎక్కడుంటుంది?

కలువకొలను:
ఫైలు మొదట్లో భాష పేరు ఒక వరసలో రాస్తే చాలు, ఇంగ్లీషు పేర్లయినా, దో రే మీ అనే ఇటాలియన్ పేర్లయినా వాడుకోవచ్చు. రెండేళ్లు వాడిన మీకు ఈ ఒక్క వరస తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

ముద్రాక్షరి:
పేర్ల గురించి కాసేపు ఆపితే, ఒక పాత సంగతి ఇక్కడ పనికివస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో లీలాండ్ స్మిత్ తయారు చేసిన స్కోర్ అనే ప్రోగ్రాము డాస్ కాలంలో పెద్ద ప్రచురణకర్తల చేతుల్లో ఉండేది. అందులోనూ టెక్స్ట్‌తోనే రాయించేవారు: ముందు స్వరాలన్నీ, తర్వాత వాటి కాలం, ఆ తర్వాత ఆర్టిక్యులేషన్ (స్వరాన్ని ఎలా పలికించాలో చెప్పే గుర్తులు), బీములు (చిన్న స్వరాలను కలిపే అడ్డగీతలు), చివర స్లర్లు (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీతలు), ఇలా అయిదు విడతలుగా. కాబట్టి టెక్స్ట్‌లో రాయడం సంగీతకారులకు పడదనడం సరికాదు. అయితే ఎక్కువకాలం నిలిచేది టెక్స్టే అన్న కలువకొలను గారి మాటనూ ఇది పూర్తిగా బలపరచదు. ఆ ప్రోగ్రామూ టెక్స్ట్ మీదే నడిచింది, ఇవాళ దాన్ని వాడేవారు ఎందరున్నారు? మరొకటి, మ్యూజ్‌స్కోర్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. దాని ఫైలును విప్పి చూస్తే లోపల ఉండేది ఎక్స్‌ఎమ్‌ఎల్, అంటే అదీ టెక్స్టే.

కలువకొలను:
లోపల టెక్స్ట్ ఉన్నంత మాత్రాన అది మనిషి రాసిన టెక్స్ట్ అయిపోదు. అక్కడ ఒక్క స్వరానికి అయిదారు వరసలు పడతాయి, అది యంత్రం యంత్రం కోసం రాసుకున్నది. లిలీపాండ్‌లో నాలుగు క్వార్టర్ నోట్ల బార్ అంటే నాలుగు అక్షరాలు, ఒక అంకె. మొదటి స్వరం పక్కన 4 అని రాస్తే తర్వాతి స్వరాలకూ అదే కాలం వర్తిస్తుంది.

బృందగాయని:
మా గాయక బృందంలో రెండూ వాడతాం. సాహిత్యాన్ని స్వరాల కింద సర్దడం లిలీపాండ్‌లో నాకు హాయిగా ఉంటుంది. స్వరాన్ని తుంచి పలకమనే ఒక్క స్టకాటో చుక్క చేర్చి, పెద్ద స్కోరంతా మళ్లీ తయారయ్యేదాకా కాచుకోవడం మాత్రం విసుగు తెప్పిస్తుంది.

చిన్నగీత:
ఫ్రెస్కోబాల్డి అనే ఎడిటర్‌లో పీడీఎఫ్ మీద స్వరాన్ని నొక్కితే టెక్స్ట్‌లో ఆ చోటికే తీసుకువెళ్తుంది. కాచుకోవడం తగ్గదు గాని వెతుక్కోవడం తగ్గుతుంది.

రెండో_ఓబో:
అసలు విషయానికి ఇంకా ఎవరూ రాలేదు. మ్యూజిక్ఎక్స్‌ఎమ్‌ఎల్ అనేది సాఫ్ట్‌వేర్ల మధ్య స్కోర్లను పంపుకోవడానికి 2004లో వచ్చిన ఫార్మాట్. దాన్ని లిలీపాండ్‌లోకి తెచ్చుకోవడానికి వాళ్లే ఒక పనిముట్టు ఇస్తారు. కానీ లిలీపాండ్‌లో రాసినదాన్ని తిరిగి అదే ఫార్మాట్‌లో పూర్తిగా బయటికి పంపే మార్గం ఏది? మ్యూజ్‌స్కోర్‌లోనూ, డోరికో అనే మరో సాఫ్ట్‌వేర్‌లోనూ రెండు వైపులా దారి ఉంది. లోపలికి దారి ఉండి బయటికి లేనిచోట 140 రచనలు పెట్టమని సలహా ఇవ్వడం, పైగా దాన్ని స్వేచ్ఛ అనడం నాకు మింగుడుపడటం లేదు.

కలువకొలను:
ఫ్రెస్కోబాల్డిలో ఎగుమతి ఉంది. అది అసంపూర్ణమని నేనూ ఒప్పుకుంటాను. కానీ మీ అభ్యంతరాలన్నింటి వెనకా ఉన్నది ఒక్కటే, నేర్చుకునే ఓపిక లేకపోవడం. మొదటి నెల కష్టపడితే తర్వాత పదేళ్లు సుఖపడే పనిని, మొదటి వారంలోనే వదిలేసేవారు తప్పు పట్టకూడదు.

రెండో_ఓబో:
ఓపిక గురించి నాతో అనకండి. మా బృందానికి ఒక కాపీయిస్టు ఉండేవారు, చాలా సమర్థులు. స్కోర్లన్నీ లిలీపాండ్‌లోనే రాశారు. స్లర్ల వంపుకు, రిహార్సల్ గుర్తులకు, పేజీల విరుపుకు తనవే మాక్రోలు (పదేపదే వాడే ఆదేశాల కట్టలు) స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకుని, పదిహేను ఫైళ్లుగా విడగొట్టి, ఒకదాన్ని మరొకటి పిలుచుకునేలా అమర్చుకున్నారు. ఆయన ఊరు మారి వెళ్లిపోయిన ఏడాది, కచేరీకి రెండు రోజుల ముందు సోప్రానో గొంతు బాగాలేక, రచనను ఒక స్వరం కిందికి దించి, రెండు చోట్ల కట్ చేయవలసి వచ్చింది. అలా శ్రుతి మార్చడానికి లిలీపాండ్‌లో ఉన్న ట్రాన్స్‌పోజ్ అనే మాట నాకు తెలుసు. కానీ దాన్ని పెట్టగానే ఆయన మాక్రోలు ఒకదాని వెనక ఒకటి దెబ్బతిన్నాయి, ఏ ఫైలులో ఏది ఉందో చెప్పే మనిషి లేడు. రెండు రాత్రులు కూర్చుని 46 పేజీలు మొదటినుంచీ మరో సాఫ్ట్‌వేర్‌లో నేనే ఎక్కించాను. ఆ 41వ బార్ కథ కూడా ఆయన వెళ్లిపోయాక నేను నేర్చుకుంటున్న రోజుల్లోదే. నాకు నేర్చుకునే ఓపిక లేదని మీరెలా అనగలిగారు?

స్కోరు_బీరువా:
దయచేసి ఇద్దరూ కాస్త నెమ్మదించండి. నాకు మీ ఇద్దరి అనుభవమూ కావాలి.

కలువకొలను:
ఆ మాట అన్నందుకు క్షమించండి. నా సంగతి కూడా చెప్తాను. తొమ్మిదేళ్లు ఒక వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో అరేంజ్‌మెంట్లు రాశాను. అది ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ ఆ సంస్థ సర్వర్ అనుమతి తీసుకోవాలి. నా కంప్యూటరు పాడైపోయేనాటికి ఆ పాత వెర్షన్‌కు అనుమతి ఇవ్వడం మానేశారు. ఫైళ్లన్నీ నా చేతిలోనే ఉన్నాయి, కానీ ఒక్కదాన్నీ తెరవలేకపోయాను. నేను రాసిన విండ్ క్వింటెట్‌ను, అట్ట చిరిగిన ప్రింటు పక్కన పెట్టుకుని, ఎవరో ముక్కూ ముఖమూ తెలియనివారి రచనను కాపీ చేస్తున్నట్టు మళ్లీ రాసుకున్నాను. హార్న్ పార్టు దొరకలేదు. అందులో కొన్ని బార్లు జ్ఞాపకం మీద రాసినవే, మొదట రాసినవి అవేనో కాదో నాకే తెలియదు. అప్పటినుంచి, తెరవడానికి ఇంకొకరి అనుమతి కావలసిన ఫైలులో ఒక్క బార్ కూడా రాయలేదు.

రెండో_ఓబో:
మీ బాధ అర్థమైంది. కానీ నాకు జరిగింది కూడా అదే కదా. ఫైళ్లు చేతిలో ఉన్నాయి, తెరవగలిగాను, చదవగలిగాను, అయినా మార్చలేకపోయాను. మీ ఫైలుకు సంస్థ అనుమతి కావలసివచ్చింది, నా ఫైలుకు ఆ కాపీయిస్టు కావలసివచ్చారు. నేను మొదటినుంచీ అడగవలసిన ప్రశ్న ఇదేనేమో, ఇప్పుడు అడుగుతున్నాను. గురువారం రిహార్సల్‌లో క్లారినెట్ లేకపోతే ఆ వరసను వయొలాకు మార్చి ఇవ్వగలిగినవారు బృందంలో ఎందరుంటారు?

కలువకొలను:
నా బృందంలో నేనొక్కడినే. ఆ మాట నిజం. అయినా నా నిర్ణయం మారదు. గురువారానికి పనికివచ్చే ఫైలు ముప్పై ఏళ్లకు పనికిరాకపోతే, ఆ తర్వాత వచ్చే వాద్యకారులకు మనం ఏమీ మిగల్చనట్టే.

రెండో_ఓబో:
గురువారం వాయించలేని బృందం ముప్పై ఏళ్లు ఉండదు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

ముద్రాక్షరి:
స్కోరు_బీరువా గారూ, ఈ వాదం తేలేదాకా ఆగవద్దు. ఆ కంప్యూటరు నడుస్తుండగానే 140 రచనలనూ పీడీఎఫ్‌గానూ మ్యూజిక్ఎక్స్‌ఎమ్‌ఎల్‌గానూ తీసి రెండు చోట్ల దాచండి. ఆ తర్వాత ఎటు వెళ్లినా అవి రెండూ కావాలి.

స్కోరు_బీరువా:
నిన్న రాత్రి మొదలుపెట్టాను, 22 అయ్యాయి. తీసిన మ్యూజిక్ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను మ్యూజ్‌స్కోర్‌లో తెరిస్తే స్వరాలు సరిగానే వచ్చాయి, పేజీ అమరిక మాత్రం చాలాచోట్ల మారిపోయింది. ఒక రచనను ఎంచుకుని, ఇద్దరు సభ్యులతో రెండు పద్ధతుల్లోనూ విడివిడిగా చేయించి, ఆ తర్వాత మూడో మనిషికి ఇచ్చి ఒక పార్టును మార్చమని అడుగుదామనుకుంటున్నాము. ఏ రచన తీసుకుంటే బాగుంటుంది?

కలువకొలను:
క్లారినెట్, హార్న్ లాగా ట్రాన్స్‌పోజ్ చేసే వాద్యాలు (రాసిన స్వరం ఒకటి, మోగే స్వరం ఒకటి అయ్యేవి) ఉన్నది తీసుకోండి. లిలీపాండ్‌లో చేసేవారితో మాక్రోలు వద్దని, తప్పనిసరైతే అదే ఫైలులో పైన వ్యాఖ్యతో సహా రాయమని చెప్పండి. ఇది నేను ఈ చర్చ తర్వాత చేర్చుతున్న షరతు.

రెండో_ఓబో:
మార్చవలసిన పార్టు ఏదో ఆ ఇద్దరికీ ముందుగా చెప్పకండి. మూడో మనిషికి గంటకు మించి సమయం ఇవ్వకండి.

కలువకొలను:
గంట చాలదు. మొదటిసారి చూస్తున్నవారికి కనీసం మూడు గంటలు ఇవ్వాలి.

రెండో_ఓబో:
కచేరీకి ముందు ఎవరికీ మూడు గంటలు దొరకవు.